ఆడువాడు లేని యాట

ఆట యన్నప్పుడు ఆడువాడొకడు ఉండితీఱవలెనని మనము తలంతుము. అష్టాచెమ్మలో గవ్వలు విసరు చేయి కావలెను. వామనగుంటలలో గింజలు పంచు వ్రేళ్ళు కావలెను. పులిజూదములో మేకను జరుపుటకు ముందు నొసలు ముడివేసికొని యాలోచించు మనుష్యుడు కావలెను. ఆడువాడు లేచిపోయినచో ఆట ఆగిపోవును. ఇది యెంత సహజమైన సంగతి యనగా, దీనిని గూర్చి పెద్దలెవ్వరును ప్రత్యేకించి చెప్పినవారు కారు. కాని మన కాలమున నొక విచిత్రము పుట్టినది. ఆడువాడు భోజనమునకు పోవును, బడికి పోవును, నిద్రపోవును. ఆట మాత్రము సాగుచునే యుండును. అంతేకాదు, వాడు తిరిగివచ్చి చూచునప్పటికి వాని లెక్కలో బంగారు నాణెములు, కత్తులు, కవచములు, రత్నములు పోగుపడి యుండును. ఈ విచిత్రమును గూర్చియే నాకిచ్చిన పదునైదు నిమిషములలో చెప్పదలచితిని.

ముందుగా సంగతి తెలియనివారి కొఱకు రెండు మాటలు. వీడియో గేము లనబడు ఆటలు నేడు ప్రతి యింటను సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో ఉన్నవి. తెఱమీద నొక బొమ్మమనిషి యుండును. మన వ్రేళ్ళ కదలికను బట్టి వాడు నడచును, గని త్రవ్వును, చేపలు పట్టును, రాక్షసులతో పోరాడును. చేసిన పనికి ప్రతిఫలముగా వానికి ధనమును, ఆయుధములును, హోదాయును లభించును. ఈ యాటలలో పెక్కింటికి ఎక్కడనో దూరదేశమున సర్వరు అను పెద్ద కంప్యూటరు కలదు. ఎవరెంత సేపు ఆడిరో, ఎవరికెంత ముట్టినదో చిట్టా యంతయు దానియందే యుండును.

ఇక విడిచిపెట్టి యాడించుట యెట్లన్నచో, దానికి మార్గము లనేకములు. అన్నిటికంటె ప్రాతది, అన్నిటికంటె చవుకది, కంప్యూటరు మీటపై నొక రూపాయి నాణెమును ఇఱికించి పోవుట. మీట నొక్కబడియే యుండును గనుక బొమ్మమనిషి గోడను తవ్వుచునో, గాలము వేయుచునో యుండును. ఫోనులో నయినచో నాణెము పనిచేయదు; దానికి 'ఆటోక్లిక్కరు' అను చిన్న ప్రోగ్రాము కలదు. అది సెకనుకింతయని తెఱను తట్టుచుండును. కొన్ని యాటలలో నీ శ్రమకూడ నక్కఱలేదు. చేసినవారే 'ఆటో' అను బొత్తము నమర్చి యుంచిరి. మన కుఱ్ఱవాండ్రు దీనిని 'ఏ.ఎఫ్.కె. పెట్టడం' అందురు. 'కీబోర్డుకు దూరముగా నున్నాను' అను ఆంగ్లవాక్యమునకు అవి పొడియక్షరములు. ఒకప్పుడు ఆటలోని తోటివారికి మర్యాదగా చెప్పిపోవు మాట అది. ఇప్పుడు మర్యాద పోయి ఉపాయము మిగిలినది.

ఇది యెట్లు సాధ్యమైన దను ప్రశ్నకు జవాబు కృష్ణాడెల్టాలోని యే రైతు నడిగినను చెప్పగలడు. పని చేయించుటకు మన యూళ్ళలో రెండు పద్ధతులు కలవు. ఒకటి దినకూలి, రెండవది గుత్త. దినకూలికి వచ్చినవాడు ప్రొద్దు గ్రుంకువఱకు పొలములో ఉన్నచో కూలి ముట్టును. గట్టు చాటున నిలువబడి చుట్ట కాల్చినను ప్రొద్దు గ్రుంకకమానదు. గుత్తకు తీసికొన్నవాడు అట్లు నిలువబడడు. కోత కోసిన యెకరమునకే అతనికి డబ్బు. మా కొండపల్లిలో బొమ్మలు చేయువారిదియు గుత్త పద్ధతియే. బొమ్మ పూర్తియైనగాని వెల లేదు. బొమ్మయెదుట ఎన్ని గంటలు కూర్చుండితిరని కొనువా డడుగడు. వీడియో గేములను చేసినవారు పెక్కుచోట్ల దినకూలి పద్ధతిని ఎన్నుకొనిరి. ఇన్ని నిమిషములున్నచో ఇంత, ఇన్ని వేల మాఱులు చేసినచో ఇంత యని ప్రతిఫలము నేర్పఱచిరి. సర్వరునకు కన్నులు లేవు. అది మనుష్యుని చూడదు, మీటను చూచును. మీటపై నున్నది వ్రేలో నాణెమో దాని కెట్లు తెలియును?

ఈ సంగతి ఆటగాండ్రకు తెలియుటకు ఎంతోకాలము పట్టలేదు. 1997లో వెలువడిన 'అల్టిమా ఆన్‌లైను' అను నాటలో నేర్పు అభ్యాసముచే పెరుగును. ఒకే పనిని వేలమాఱులు చేసినవాడు నిపుణు డగును. వెంటనే జనులు ఆ పనిని తమకై చేయు చిన్న ప్రోగ్రాములను అమర్చుకొని నిద్రపోసాగిరి. 1999లో 'ఎవర్‌క్వెస్టు' వచ్చినది. అందులో హోదా పెరుగుటకు గంటలు గంటలు ఒకే చోట రాక్షసులను కొట్టుచుండవలెను. ఈ ధోరణిని చూచి ఎరిక్ ఫ్రెడ్రిక్సెన్ అను నాయన 2002లో 'ప్రోగ్రెస్ క్వెస్టు' అను నొక హాస్యపుటాటను చేసెను. ఆడువాడు తన వీరునికి పేరు పెట్టి, జాతి యెన్నుకొని, బొత్తము నొక్కును. అంతటితో వాని పని ముగిసినది. అటుపై వీరుడు తానే రాక్షసులను చంపును, తానే సామాను అమ్మును, తానే పెద్దవాడగును. ఆడువాడు తెఱమీద గీతలు నిండుట చూచుచు కూర్చుండవచ్చును, కూర్చుండకపోవచ్చును. ఫ్రెడ్రిక్సెన్ ఎగతాళికి చేసినదానిని జనులు ఇష్టపడి నెలల తరబడి నడపిరి.

ఎగతాళి వృత్తాంతము మఱొకటి కలదు. 2010లో అమెరికాలో ఇయాన్ బోగోస్ట్ అను పండితుడు 'కౌ క్లిక్కరు' అను నాటను ఫేసుబుక్కులో పెట్టెను. అందులో మీ కొక ఆవు ఉండును. ఆఱు గంటల కొకమాఱు దానిని తట్టవచ్చును. ఇంతే యాట. నాటి ఫేసుబుక్కు ఆటలలో ఆట లేదని చూపుటకే ఆయన దీనిని చేసెను. కాని వేలకొలది జనులు నిజముగనే ఆవులను తట్టసాగిరి. చివరకు విసిగి, 2011 సెప్టెంబరులో ఆయన ఆవులన్నిటిని మాయము చేసెను. ఆవు నిలిచిన ఖాళీ చోటు మాత్రము మిగిలినది. కొందఱు ఆ ఖాళీచోటునే తట్టుట మానలేదు. ఇక 2013 ఆగస్టులో జూలియన్ తియెన్నో అను ఫ్రెంచి యువకుడు 'కుకీ క్లిక్కరు'ను చేసినప్పటికి హాస్యము పోయి ఇది యొక జాతి యాటయే యైనది. పెద్ద బిస్కత్తును తట్టినచో బిస్కత్తు వచ్చును. కొన్ని బిస్కత్తులైన తరువాత వానిని వెచ్చించి కాల్చిపెట్టుట కొక బామ్మను కొనవచ్చును. బామ్మల తరువాత పొలములు, కర్మాగారములు. అప్పుడు మీ చేయి తీసివేసినను బిస్కత్తులు వచ్చుచునే యుండును. ఊరక తెఱచి యుంచిన చాలును. ఇట్టివానికి 'ఐడిలు గేము' లని, అనగా సోమరియాట లని పేరు. 2019లో చైనాలోని లిలిత్ కంపెనీవారు వెలువరించిన ఆటకు 'ఏ.ఎఫ్.కె. ఎరీనా' యనియే పేరు పెట్టిరి.

ఇంతవఱకు చెప్పినది దేశాంతరముల చరిత్ర. మన యూరిలో నెట్లున్నదో చూతము. కొండపల్లిలో బొమ్మలు చేయువారి వీధిలో నేను తఱచుగా పోవుచుందును. ఒకనాడు ఒక యింటి యరుగుమీద ఇరువదియేండ్ల యువకుడు తెల్లపొణికి కఱ్ఱతో ఎడ్లబండి చెక్కుచుండెను. ప్రక్కనే రంగుడబ్బా కానించిన సెల్‌ఫోను. దాని తెఱమీద నొక వీరుడు విరామము లేక రాళ్ళు పగులగొట్టుచుండెను. ఫోనును ఎవ్వరును ముట్టుట లేదు.

"ఏమోయ్, ఆట మానేసి పని చేస్తున్నావే?" అని యడిగితిని.

"లేదు మాస్టారూ, వాడి పని వాడు చేసుకుంటున్నాడు, నా పని నేను చేసుకుంటున్నాను" అని నవ్వెను.

"వాడు తవ్వి పోసిన రాళ్ళు నీకేం చేసుకోవడానికి?"

"సాయంత్రం ఫ్రెండ్సుతో కూర్చున్నప్పుడు కావాలి కదండీ. ఆ రాళ్ళుంటేనే మంచి కత్తి వస్తుంది. రోజూ రెండు గంటలు ఆ తవ్వకం నేనే తవ్వాలంటే చచ్చేంత విసుగు. నాకు కావలసింది యుద్ధం, తవ్వకం కాదు."

ఈ జవాబు నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. అతడు సోమరి కాడు. చేతిలోని ఎడ్లబండియే సాక్షి. ఆటయందు విముఖుడును కాడు. సాయంత్రము యుద్ధమునకు కాచుకొని యున్నవాడు. ఆటలో ఆట కాని భాగమును ఏఱి యంత్రమునకు అప్పగించినాడు. నాణెము ఆడగలిగిన భాగమును ఆట యనుటకు నా మనసొప్పదు. అది కూలి. కూలిని ఆటలోనికి తెచ్చిపెట్టినవాడు ఆటను చేసినవాడే కాని ఈ యువకుడు కాడు. ఆటను చేసినవానికి కావలసినది జనులు ప్రతిదినము వచ్చి కూర్చుండుట. నిజమైన ఆటను అన్ని గంటలకు సరిపడ సృజించుట కష్టము, ఖర్చు. రాళ్ళు తవ్వించుట సులభము.

అతని వృత్తిలోనే దీనికి పోలిక కలదు. పొణికి కఱ్ఱను కొట్టి తెచ్చిన పిమ్మట ఆరనీయవలెను. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవముల నతికిన పిమ్మట ఆరనీయవలెను. సుద్ద పూసిన పిమ్మట మరల ఆరనీయవలెను. ఆరునంతసేపు శిల్పి దగ్గర కూర్చుండ నక్కఱలేదు. అది దొంగతనమని యెవ్వరు ననరు. కాని ఎద్దునకు కన్ను దిద్దునప్పుడు మేకవెండ్రుకల కుంచెను ఎవ్వరి కప్పగించును?

అయినచో అంతయు ధర్మమేనా? కాదు. మన పిల్లల యాటలలో 'తొండి' యను చక్కని మాట కలదు. అది న్యాయశాస్త్రములోనిది కాదు. ఎనిమిదేండ్ల పిల్లలు వీధిలో విచారణ జరిపి అప్పటికప్పుడు తీర్పు చెప్పు మాట. విడిచిపెట్టి యాడించుటలో ఏది తొండి, ఏది కాదు అనుటకు దాగుడుమూతల ఉదాహరణ చాలును. ఒక పిల్లవాడు దాగుకొనుటకై పోయి, అటే యింటికి పోయి, అన్నము తిని పడుకొన్నాడనుడు. మిగిలినవారు చీకటి పడువఱకు గడ్డివాములన్నియు వెదకుచుందురు. వాడు ఓడిపోలేదు సరిగదా, అందఱికంటె ఎక్కువసేపు దొరకనివాడు వాడే. మఱునాడు వానిని ఆటకు రానిత్తురా?

నలుగురు జట్టుగా ఆడు ఆటలలో జరుగునది అచ్చముగా నిదియే. 2021 జూలైలో మన దేశమున వెలువడిన 'బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా'లో నూఱుగురు ఒక ద్వీపముమీద దిగుదురు. నలుగురేసి యొక జట్టు. వారిలో నొకడు ఫోను క్రిందపెట్టి పోయినచో వాని బొమ్మ దిగినచోటనే దిక్కులు చూచుచు నిలుచును. మిగిలిన ముగ్గురు నలుగురి జట్లతో పోరాడవలెను. వారు కష్టపడి బ్రతికినంతసేపు వీనికిని ఊరకయే పాయింట్లు వచ్చుటకు వీలు కలదు. ఇది యంత్రమును మోసగించుట కాదు, ముగ్గురు మనుష్యుల సాయంకాలమును కాజేయుట. కొండపల్లి యువకుడు రాళ్ళు తవ్వించుటకును దీనికిని మధ్య నున్న దూరము చిన్నది కాదు. ఇండ్లలో పెద్దలు ఈ రెంటిని ఒకే గాటకట్టి 'ఎప్పుడు చూసినా ఆ ఫోను' అని కోపపడుటచే పిల్లలు వారి మాట వినకున్నారని నా యనుమానము.

రెండవ చివర నింకొక జాతి కలదు. అది తొండి కాకపోగా మెచ్చదగినది. 'మైన్‌క్రాఫ్టు' అను నాట 2011లో సంపూర్ణరూపమున వెలువడినది. అందులో దిమ్మెలతో లోకమును కట్టుదురు. ఎఱ్ఱధూళి యను నొక పదార్థముతో విద్యుత్తీగలవంటి అమరికలు చేసి, తలుపులు తమంత తెఱచుకొనునట్లును, నీరు తమకు వలయునప్పుడు పాఱునట్లును చేయవచ్చును. పండ్రెండేండ్ల బాలురు వారముల తరబడి ఆలోచించి, చెఱకు పెరిగిన వెంటనే తానే కోసికొని పెట్టెలో చేర్చు తోటలను అందులో నిర్మించుచున్నారు. తోట కట్టినపిదప వారు పోయి నిద్రింతురు, చెఱకు పోగగును. దీనిని సోమరితనమందుమా? ఒకప్పుడు మన డెల్టాలో చేలకు నీరు కావలెనన్నచో ఏతము త్రొక్కవలెను. 1852 మొదలు 1855 వఱకు విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి; 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వెలసినది. నాటినుండి రైతు నిద్రించుచుండగా కాలువ పాఱుచునే యున్నది. ఏతము త్రొక్కుట మానినందుకు రైతును తొండివాడని యెవ్వరు ననలేదు. మైన్‌క్రాఫ్టు బాలుని తోట ఆ జాతిది. తన బుద్ధిని ముందుగా ఖర్చుపెట్టి తరువాత విశ్రమించినవానికిని, ఎవరో చేసిన ఆటోక్లిక్కరును దింపుకొని పడుకొన్నవానికిని భేదము కలదు.

మైన్‌క్రాఫ్టును చేసినవారు కూడ ఈ భేదమును గుర్తించినట్లే తోచుచున్నది. అందులో మీట నొక్కిపెట్టి చేపలు పట్టు యంత్రము లుండెడివి. ఇఱుకు గుంటలో గాలము వేసి విడిచినను చేపలతో పాటు మంత్రపు గ్రంథములవంటి నిధులు దొరకెడివి. 2020లో వారు నియమము మార్చిరి. చుట్టును పైనను తగినంత విశాలముగా నీరున్న చోట గాలము వేసినగాని నిధి దొరకదు. చెఱకుతోటల జోలికి వారు పోలేదు.

అందఱును ఇంత నెమ్మదిగా సరిదిద్దలేదు. 'టీం ఫోర్ట్రెస్ 2' అను యుద్ధపుటాటలో 2009నుండి ఆడిన కాలమును బట్టి టోపీలు మొదలైనవి దొరకుచుండెను. కొందఱు ఆటను తెఱవకుండగనే తెఱచినట్లు సర్వరును నమ్మించు ప్రోగ్రామును వాడిరి. ఆ సెప్టెంబరులో వాల్వ్ కంపెనీవారు వారికి ఆ విధముగా చేరిన వస్తువులను లాగికొనిరి. వాడనివారి కందఱికిని దేవతల చిత్రములలో తల వెనుక నుండు వెలుగు చక్రమువంటి దొకటి బహుమానముగా నిచ్చిరి. మఱునాటినుండి ఎవని తలపై చక్రమున్నదో, ఎవని తల బోడిగా నున్నదో రణరంగములో అందఱికిని తెలిసిపోయినది. మన యూరి రచ్చబండ శిక్షను తలపించు చమత్కారము.

కొన్నిచోట్ల తగవు న్యాయస్థానముల కెక్కినది. 2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు'లో ఆడువానికి బదులుగా తానే ఆడిపెట్టు 'గ్లైడరు' అను ప్రోగ్రామును అమెరికాలో నొకరు చేసి అమ్మిరి. 2008 నాటికి సుమారు 1,20,000 మంది కొనిరి. ఆటను చేసిన బ్లిజార్డు కంపెనీతో కలిగిన వ్యాజ్యములో 2010 డిసెంబరు 14వ తేదీన అప్పీళ్ళ న్యాయస్థానము ఒక సూక్ష్మమైన తీర్పు చెప్పినది. ఆటనియమమును మీఱినంతమాత్రమున గ్రంథస్వామ్యపు హక్కు భంగమైనట్లు కాదు. కాని ఇట్టి ప్రోగ్రాములను పట్టుటకై కంపెనీవారు పెట్టిన కావలిని తప్పించుకొనుటకు సాధనము నమ్ముట మాత్రము నేరమే. తొండియు నేరమును ఒకటి కావని న్యాయమూర్తులును ఒప్పుకొన్నట్లయినది.

ఇంత రగడ యెందుకన్నచో, ఆటలోని బంగారమునకు బజారులో వెల కలదు. వెనిజులా దేశమున 2017 ప్రాంతమున ద్రవ్యము విలువ పడిపోయినప్పుడు అక్కడివారు కొందఱు 'రూన్‌స్కేప్' అను నాటలో పచ్చని డ్రాగనులను చంపి, దొరకిన బంగారమును పరదేశీయుల కమ్మి ఆ డబ్బుతో పొట్టపోసికొనిరి. వారు చేతులతో ఆడినవారు. అట్టివారి ప్రక్కనే నిద్రాహారములు లేని ప్రోగ్రాములు వందలకొలదిగా అదే బంగారమును తవ్వి పోసినచో బంగారము వెల పడిపోవును. అచ్చులో పోసిన ప్లాస్టికు బొమ్మ ప్రక్కన చేతి బొమ్మ వెల యేమగునో కొండపల్లివారికి నేను చెప్పనక్కఱలేదు.

ఇంటి సంగతులకు వత్తము. రాత్రియంతయు ఆటను విడిచి యుంచుటకు ఖర్చు కలదు. ఆటలు నడపు కంప్యూటరు 200 వాట్లు వాడునని పెట్టుకొన్నచో ఎనిమిది గంటలకు 1.6 యూనిట్లు, నెలకు 48 యూనిట్లు. ఫోనుకు 5 వాట్లే గనుక నెలకు 1.2 యూనిట్లు, అది లెక్కింపనక్కఱలేదు. కాని కంప్యూటరు సంగతి వేఱు. కొండపల్లికి ప్రక్కనే ఇబ్రహీంపట్నములో 1979నుండి నడచుచున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గును మండించునది. యూనిట్టు ఒకటికి ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ బొగ్గు కావలెను. 48 యూనిట్లకు 30 కిలోలకు పైబడును. మన బొగ్గులో నూటికి 30 పాళ్ళకు తక్కువ గాకుండ బూడిద యుండును గనుక, తెఱమీద నొక బొమ్మమనిషి నెలరోజులు రాత్రులందు రాళ్ళు పగులగొట్టుటకు ఇబ్రహీంపట్నము చెఱువులలో సుమారు 10 కిలోల బూడిద చేరును. గాలివీచు దినములలో ఆ బూడిద యెక్కడికి వచ్చునో ఆ చుట్టుప్రక్కల బట్టలారవేయు గృహిణు లెఱుగుదురు.

ఎవ్వరును వినని యింటిలో రేడియోయు మ్రోగుచునే యుండును గదా యని శ్రోతలలో నెవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే. అయితే ఊరక మ్రోగించినందుకు ఆకాశవాణివారు ఎవ్వరికిని టోపీ లిచ్చుట లేదు.

ఫోను విషయమున విద్యుత్తు కంటె వేడిమి ముఖ్యము. చార్జి పెట్టి, ఆట నడపుచు, దిండు క్రింద నుంచుట మిక్కిలి ప్రమాదకరము. లిథియము బ్యాటరీ వేడికి ఉబ్బును, ఒక్కొక్కప్పుడు మండును. బల్లమీద గాలి తగులునట్లు పెట్టవలెను. ఇంతకంటెను గట్టిగా చెప్పవలసినది మఱొకటి. దారిన దొరకిన ఆటోక్లిక్కరు ప్రోగ్రాములు ఫోనులో 'యాక్సెసిబిలిటీ' అను అనుమతి నడుగును. చూపు సరిగా లేనివారికి, చేతులు స్వాధీనములో లేనివారికి సాయపడుటకై కల్పించిన సదుపాయమది. దాని నిచ్చినచో ఆ ప్రోగ్రాము తెఱమీద నున్నదంతయు చదువగలదు, మన వ్రేలికి బదులుగా ఎక్కడనైన తట్టగలదు. అదే ఫోనులో బ్యాంకు సందేశములు వచ్చుచుండును, డబ్బు పంపు సాధనములుండును. రాళ్ళు తవ్వుటకు పిలిచిన కూలివానికి ఇనుప్పెట్టె తాళపుచెవి యిచ్చుట వంటిదిది. ఆటలోనే చేసినవారు పెట్టిన 'ఆటో' బొత్తమునకు ఈ భయము లేదు. తండ్రులు కోపపడదలచినచో గంటల లెక్క కంటె ముందు ఈ యనుమతి సంగతి విచారింపవలెను.

ఇక నాకు అన్నిటికంటె చిక్కుగా తోచిన దొకటి మిగిలినది. ఆటను విడిచిపోవుటకు అనుమతించుట చేసినవారి ఔదార్యమని మొదట ననుకొంటిని. పరిశీలించి చూడగా వ్యవహారము వేఱు. 'ఏ.ఎఫ్.కె. ఎరీనా'లో మీరు లేనప్పుడు సంపాదన యొక పెట్టెలో చేరును. కాని ఆ పెట్టె సామాన్యముగా 12 గంటలకు నిండిపోవును. ఆపై వచ్చినది వచ్చినట్లు పోవును. కావున దినమునకు రెండుమాఱులైనను వచ్చి పెట్టె తెఱవవలెను. వచ్చినప్పుడెల్ల అంగడి కనబడును. వేగము కావలెనన్నచో రూపాయలు పెట్టి కొనవచ్చును. కృష్ణ కాలువకు వంతు పెట్టినట్లు ఆటవారు మన దినమునకు వంతు పెట్టిరి. ఆడువాడు ఆటకు దూరముగా పోయినాడు, నిజమే; కాని వాని మనస్సులో నొక మూల ఆ పెట్టె నిండుచునే యుండును. వైకుంఠపాళి పటమును చుట్టి అటకమీద పెట్టినవానికి ఇట్టి చింత లేదు. పాములు నిచ్చెనలు ఎక్కడివక్కడనే యుండును.

కొన్ని దినముల క్రిందట ఆ బొమ్మలు చేయు యువకుడే మరల కనబడినప్పుడు ఈ పెట్టె సంగతి కదిపితిని. అతనికిని అటువంటి ఆట యొకటి యున్నదట.

"మరి రాత్రి మధ్యలో నిండిపోతే?" అని యడిగితిని.

"అలా నిండకుండా టైము చూసుకుంటానండీ. పడుకునేముందు పదిన్నరకు ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి తీస్తాను. పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు మా చెల్లికి చెప్పి వెళ్ళాను" అనెను. చెప్పుచు చెప్పుచునే గడియారము వంక చూచి, చేతి సుద్ద తుడుచుకొని ఫోనును అందుకొనెను.